తుక్కుడబ్బా చూసి కొన్న రంపం

నా వర్క్‌షాపులో లేత్ ఉంది, డ్రిల్లింగ్ మెషీన్ ఉంది, చిన్న వెల్డింగ్ సెట్టు ఉంది. కోతకు మాత్రం చాలా ఏళ్ళు హ్యాక్‌సానే దిక్కు. 50 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని చేతిరంపంతో కోసిన వాళ్ళకు ఆ బాధ తెలుసు. సగం దాటేసరికి కోత పక్కకు పోతుంది. పోయిందని మనకు తెలిసేసరికి దాన్ని దారిలో పెట్టే వీలుండదు. కడ్డీని తిప్పి అటునుంచి కోసుకొస్తే రెండు కోతలూ మధ్యలో కలవవు, ఒక మెట్టు మిగులుతుంది. ఆ మెట్టును లేత్ మీద చదును చేయడానికి మరో పావుగంట.

మధ్యలో ఒక చాప్‌సా కొన్నాను. 355 మిల్లీమీటర్ల రాపిడి చక్రంతో నిప్పులు చిమ్ముతూ కోసే రకం. కోత వేగంగానే అయ్యేది. కానీ దాని దుమ్ము లేత్ బెడ్డు మీద పడేది. ఆ దుమ్ములో సానరాయి నలుసులు ఉంటాయి. నూనె రాసిన బెడ్డు మీద అవి అంటుకుని, దాని మీద జరుగుతూ టూలును మోసే క్యారేజీ కిందికి చేరి, నునుపైన ఇనుమును కొద్దికొద్దిగా అరగదీస్తాయి. పైగా కోసిన చోట ఉక్కు కాలి గట్టిపడుతుంది. మెత్తని ఉక్కుకు అది పెద్ద లెక్క కాదు గానీ, కార్బన్ ఎక్కువ ఉన్న ఉక్కును అలా కోసి లేత్‌కు ఎక్కిస్తే మొదటి కోతకే టూలు మొన పోతుంది. రెండు టూళ్ళు పోయాక చాప్‌సాను వరండాలోకి గెంటేశాను.

రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కోసే బ్యాండ్‌సా కొనాలన్న ఆలోచన అప్పుడు మొదలైంది. జీవితమంతా మెషీన్ల మధ్య గడిపి రిటైరైన మా మామయ్యను అడిగాను, ఎంత పెద్దది కొనమంటావని.

"నువ్వు కోసేది ఏమిటి?" అన్నాడు.

"అన్నీ" అన్నాను.

"అన్నీ కోసేవాడు ఎవడూ లేడు. నీ తుక్కుడబ్బా తెచ్చి కింద పొయ్యి."

పోశాను. ఆయన ముక్కలను కాలితో కుప్పలుగా నెట్టాడు. ఒక కుప్ప చదరపు గొట్టాలు, గోడ మందం 2, 3 మిల్లీమీటర్లు. ఇంకొకటి యాంగిల్, పట్టీలు. మూడోది 20 నుంచి 60 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీలు, అన్నిటికన్నా చిన్న కుప్ప, అన్నిటికన్నా ఎక్కువ బరువు. 75 మిల్లీమీటర్లు దాటినది ఒకే ఒక్క ముక్క. నేను మాత్రం అప్పటికే 250 మిల్లీమీటర్ల గుండు కోసే యంత్రాల బొమ్మలు చూస్తూ రాత్రులు నిద్ర మానుకుంటున్నాను.

అక్కడితో బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. ముందు ఒక అడ్డదారి తొక్కబోయాను. తెలిసినవాళ్ళ దగ్గర చెక్క కోసే 14 అంగుళాల నిలువు బ్యాండ్‌సా పడి ఉంది, ఊరికే ఇస్తామన్నారు. బ్లేడు మార్చితే ఇనుము కోయదా అనుకున్నాను. లెక్క వేసుకుంటే తేలింది. 14 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే బ్లేడు 1.1 మీటర్లు నడుస్తుంది. చెక్క రంపంలో ఆ చక్రం నిమిషానికి 800 చుట్లకు పైగా తిరుగుతుంది, అంటే నిమిషానికి సుమారు 900 మీటర్లు. మెత్తని ఉక్కుకు బైమెటల్ (రెండు రకాల ఉక్కు అతికిన) బ్లేడు కోరేది 60 నుంచి 80 మీటర్లు. స్టెయిన్‌లెస్‌కు అందులో సగమే. చెక్క రంపం వేగాన ఉక్కును తాకితే పళ్ళు కోయవు, రాసుకుని వేడెక్కి మొద్దుబారతాయి. వేగం పన్నెండో వంతుకు దించాలంటే ఒక జత పుల్లీలు చాలవు. మధ్యలో ఇంకో ఇరుసు పెట్టి రెండు మెట్లలో దించాలి, లేదా గేర్‌బాక్సు దూర్చాలి. చేసినవాళ్ళు ఉన్నారు, బాగా చేసినవాళ్ళూ ఉన్నారు. నాకు రంపం కావాలి గానీ రంపం తయారుచేసే మరో పని అక్కర్లేదు. అల్యూమినియం మాత్రమే కోసేవాళ్ళకు ఆ యంత్రం వరమే, దానికి ఎక్కువ వేగం నప్పుతుంది.

ఇక నిలువుదా, అడ్డంగా వాలేదా అన్న ప్రశ్న. నిలువు రంపంలో ముక్కను మనం చేత్తో తోస్తాం. వంపులు, గీతల వెంట కోతలు దాని పని. అడ్డం రంపంలో ముక్క వైస్‌లో కదలకుండా ఉంటుంది, తల, అంటే బ్లేడూ చక్రాలూ ఉన్న పై భాగం, తన బరువుతో దిగుతూ కోస్తుంది, తెగగానే స్విచ్ తానే ఆగుతుంది. తుక్కుడబ్బాలో వంపు కోత ఒక్కటీ లేదు. ఈ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

అడ్డం రంపాల్లో ఇంటి వర్క్‌షాపుకు పనికొచ్చేవి స్థూలంగా రెండు పరిమాణాలు. ఒకటి నాలుగు బై ఆరు అంగుళాల ముక్క దాకా కోసేది, సుమారు 60 కిలోలు, అర అంగుళం వెడల్పు బ్లేడు. తలను నిలబెట్టి చిన్న పలక బిగిస్తే నిలువు రంపంగానూ పనిచేస్తుంది. రెండోది ఏడు బై పన్నెండు, దానికి రెట్టింపుకు పైగా బరువు, ముప్పావు అంగుళం బ్లేడు, ఒక హెచ్‌పి మోటారు, కింద కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) తొట్టి. తుక్కుడబ్బా ప్రకారం చిన్నది చాలు. మామయ్య కూడా చిన్నదే అన్నాడు. నేను పెద్దదే కొన్నాను. కానీ కొలత చూసి కాదు.

ఒక పరిచయస్తుడి దగ్గర చిన్న రంపం ఉంటే, నా గొట్టం ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళాను. కొనేముందు మన ముక్క మనం తీసుకెళ్ళి కోసి చూడాలి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ గుండ్రటి మెత్తని కడ్డీనే కోసి చూపిస్తారు, దాని మీద ఏ రంపమైనా బుద్ధిగా ఉంటుంది. నా 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టం పై గోడ మీద రంపం హాయిగా నడిచింది. అక్కడ బ్లేడు కింద నలభై మిల్లీమీటర్ల ఇనుము ఉంది, ఇరవైకి పైగా పళ్ళు ఒకేసారి పట్టుకున్నాయి. పై గోడ తెగగానే మిగిలింది అటూ ఇటూ రెండేసి మిల్లీమీటర్ల పక్క గోడలు. తల బరువు అంతే ఉంది, మోసే ఇనుము మాత్రం పదో వంతుకు పడిపోయింది. తల దబ్బున దిగింది, టకటకమని చప్పుడు, నాలుగు పళ్ళు ఎగిరిపోయాయి. ఆ యంత్రంలో తల బరువును ఆపేది ఒక స్ప్రింగు మాత్రమే. స్ప్రింగు బరువును తగ్గిస్తుంది, దిగే వేగాన్ని పట్టుకోలేదు. ఆయన చేయి అడ్డం పెట్టి తలను మోస్తూ మిగతా కోత పూర్తిచేశాడు. "గొట్టాలకు ఇలాగే" అన్నాడు నవ్వుతూ.

ఏడు బై పన్నెండు రంపాల్లో చాలావాటికి హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది. చిన్న కవాటం తిప్పి నూనె దారిని ఎంత సన్నం చేస్తే తల అంత మెల్లగా దిగుతుంది. కింద ఇనుము ఎక్కువున్నా తక్కువున్నా తల ఆ వేగాన్ని మించి దిగదు. నా తుక్కులో సగం గొట్టాలే. పెద్ద రంపం కొనడానికి కారణం ఆ సిలిండర్. చిన్న రంపానికి విడిగా సిలిండర్ బిగించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని తరువాత తెలిసింది. ముందే తెలిస్తే మామయ్య మాట నెగ్గేదేమో.

ఇంకో సంగతి కూడా ఉంది. రంపానికి చోటు కొలిచేటప్పుడు రంపాన్ని కొలవడం నేను చేసిన తెలివితక్కువ పని. రంపం నాలుగడుగుల చోటులో పడుతుంది. ఆరు మీటర్ల కడ్డీ పడదు. పైగా మూలకోత కోసేటప్పుడు, చవక రంపాల్లో తిరిగేది వైస్. వైస్ తిరిగితే దానితోపాటు ఆరు మీటర్ల కడ్డీ కూడా గదంతా ఊడుస్తూ తిరగాలి. తల తిరిగే రంపాలు ఉన్నాయి, వాటిలో కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. చట్రాలు ఎక్కువగా చేసేవాళ్ళు దానికోసం కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు. నాకు 45 డిగ్రీల కోతలు ఏడాదికి పది కూడా ఉండవు, అందుకని వదిలేశాను. రంపాన్ని తలుపుకు ఎదురుగా పెట్టి, కడ్డీ తోక బయటికి వచ్చేలా సర్దుకున్నాను. వానాకాలంలో ఈ ఏర్పాటు గురించి ఇంట్లోవాళ్ళు అనే మాటలు ఇక్కడ రాయను.

వాడిన యంత్రమే కొనాలని అనుకున్నాను. మొదట చూసినది చక్కగా ఉంది, దాని మోటారు మాత్రం త్రీ ఫేజ్. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చే వి.ఎఫ్.డి. పెడితే నడుస్తుంది, వేగం మార్చుకునే సౌకర్యం అదనంగా వస్తుంది కూడా. కానీ ఆ మోటారు వైండింగు ఇంటి వోల్టేజికి కలపడానికి వీలైనది కాదు. దండం పెట్టి వచ్చేశాను.

రెండోదాని దగ్గర మామయ్య కూడా వచ్చాడు. ఆయన మోటారు ఆన్ చేయమని అడగనే లేదు. బ్లేడు తిప్పే చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించాడు, కదలిక చాలా ఉంది. తరువాత గేర్‌బాక్సు మూత తీయించి, నూనెలో వేలు ముంచి వెలుతురుకు పట్టాడు. నల్లటి నూనెలో బంగారు రంగు తళుకులు. ఈ రంపాల గేర్‌బాక్సులో ఉక్కు వార్మ్ (మరలాంటి గేరు) ఒక కంచు చక్రాన్ని తిప్పుతుంది. అరిగేది ఆ కంచు. "దీపావళి మెరుపులు" అన్నాడు మామయ్య, మూత ఇచ్చేస్తూ.

మూడోది కొన్నాం. నూనె పాతదే గానీ మెరుపు లేదు. తలను ఎత్తి పక్కకు ఊపితే కీలు దగ్గర కదలిక లేదు. బ్లేడును నిటారుగా పట్టి ఉంచే గైడు బేరింగులు గరగరలాడాయి, అవి మామూలు బేరింగులే, మార్చడం తేలిక. చక్రం అంచు బ్లేడు రాపిడికి కొద్దిగా అరిగి ఉంది. పాత యజమాని ట్రాకింగ్, అంటే చక్రం మీద బ్లేడు నడిచే దారి, సరిచేయకుండా బ్లేడును అంచుకు నొక్కి నడిపాడన్నమాట. బ్లేడు వీపు ఆ అంచును తాకీ తాకనట్టు నడవాలి. పై చక్రం వంపు సరిచేస్తే అది కుదిరింది.

యంత్రాన్ని ఇంటికి తేవడం నలుగురి పని, అంతకన్నా చెప్పేదేమీ లేదు. తలను కట్టేయడం మరిచిపోకూడదు.

అసలు కథ మొదటి కోత తరువాత మొదలైంది. 50 మిల్లీమీటర్ల కడ్డీని కోసి మూలమట్టం పెట్టి చూస్తే కింద వెలుతురు కనిపించింది. ఎంత తేడా ఉందో కొలవాలి కదా. నాకో ఉపాయం తట్టింది. కడ్డీ నుంచి 10 మిల్లీమీటర్ల బిళ్ళ కోస్తే, కోత వంకరైతే బిళ్ళ ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటుంది, క్యాలిపర్‌తో పట్టేయవచ్చు. కోశాను, నాలుగు చోట్ల కొలిచాను. నాలుగూ దాదాపు సమానం. అయితే తప్పు మూలమట్టానిదే అని తేల్చి, ఆ పాత మూలమట్టాన్ని పక్కన పడేసి, కొత్తది తెచ్చాను. కొత్తదాని కిందా అదే వెలుతురు.

బిళ్ళ సమానం, కోత వంకర. ఒక సాయంత్రమంతా ఆ బిళ్ళను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. మామయ్యకు ఫోను చేసి చెబితే ఆయన చాలాసేపు నవ్వాడు. "రొట్టెను ఏటవాలుగా ముక్కలు కోస్తే ముక్క మందం మారుతుందా?" అన్నాడు. మారదు. రెండు కోతలూ ఒకే వంపులో ఉంటే ముఖాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగానే ఉంటాయి. బిళ్ళ ఒరిగి ఉంటుంది గానీ మందం మారదు. మొదటి కోత తరువాత కడ్డీని వైస్‌లోనే సగం చుట్టు తిప్పి రెండో కోత వేయాలి. అప్పుడు వంపు అటొకటి ఇటొకటి పడి, తప్పు రెండింతలై కనిపిస్తుంది.

అలా కోశాను. పైనా కిందా మందం తేడా 1.2 మిల్లీమీటర్లు, అంటే నిలువు తప్పు 0.6. ముందుకూ వెనక్కూ తేడా 0.3, అంటే అడ్డం తప్పు 0.15. ఒకే బిళ్ళ రెండు తప్పులనూ విడివిడిగా చెప్పింది. నిలువు తేడా బ్లేడుది, అడ్డం తేడా వైస్ దవడది. ఏ బోల్టు ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో అప్పుడు తెలిసింది. అంతకుముందు రెండింటినీ కలిపి తిప్పి ఒక ఆదివారం పాడుచేసుకున్నాను.

నిలువు తప్పులో సగానికి పైగా గైడు ఆర్మ్ (గైడును మోస్తూ పక్కలకు జరిగే చేయి) వల్లే వచ్చింది. పాత యజమాని దాన్ని పూర్తిగా వెడల్పుగా వదిలేశాడు, నేనూ అలాగే వాడాను. రెండు గైడుల మధ్య బ్లేడు ఎంత పొడవుగా వేలాడితే అంత తేలిగ్గా పక్కకు వంగుతుంది. ఆర్మ్‌ను ముక్కకు వేలెడు దూరానికి జరిపి, బ్లేడును మరికాస్త బిగించగానే 0.6 కాస్తా 0.25 అయింది. మిగిలినదానికి, తల దించి, బెడ్డు మీద మూలమట్టం నిలబెట్టి, పక్కలకు వంచి ఉన్న పళ్ళు తగలకుండా బ్లేడు చదునుకు ఆనించి, గైడును ఇసుమంత తిప్పాను. చివరికి వైస్ దవడ. ఈ వరుసను తిరగేస్తే పని రెండింతలవుతుంది.

బ్లేడుల విషయంలో కూడా ఒకసారి దెబ్బ తిన్నాకే తెలిసింది. ముక్కలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలన్నది అందరూ చెప్పే సూత్రం. అంగుళానికి 14 పళ్ళంటే పంటికి పంటికి మధ్య 1.8 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల గోడలో మూడు పళ్ళు పట్టాలంటే అంగుళానికి దాదాపు 38 ఉండాలి, ఈ రంపాలకు అలాంటి బ్లేడు నేనెక్కడా చూడలేదు. కాబట్టి పల్చని గొట్టం దగ్గర ఆ సూత్రం ఎలాగూ తప్పుతుంది. దొరికినంత సన్నని పళ్ళు పెట్టి, సిలిండర్ కవాటం బిగించి, తలను నత్తలా దింపడమే మార్గం. నేను గొట్టాలకు 14/18 వాడుతున్నాను, అంటే అంగుళానికి 14 నుంచి 18 పళ్ళు. దూరం పంటికి పంటికి మారుతుంటుంది కాబట్టి అదురు తక్కువ. అదే బ్లేడుతో 50 మిల్లీమీటర్ల గుండు కోస్తే ముప్పై పళ్ళు ఒకేసారి లోపలుంటాయి, పంటి సందుల్లో రజను ఇరుక్కుని బయటికి రాదు. బ్లేడు కోయడం మాని జారుతుంది. గుండ్లకు 6/10 వేరే ఉంచాను. ఒకే బ్లేడుతో సరిపెడదామన్న పొదుపు నాకు ఒక బ్లేడు ఖర్చయింది.

యాంగిల్‌ను మొదట్లో ఒక రెక్క బెడ్డు మీద పరిచి, రెండోది నిలబెట్టి కోసేవాణ్ణి. నిలువు రెక్కలో సన్నని కోత, చివరికి అడుగు రెక్క మొత్తం ఒకేసారి. దాన్ని ఇంటికప్పులా బోర్లించి పెడితే కోత మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే వెడల్పులో సాగుతుంది, పళ్ళూ బతుకుతాయి. పొట్టి ముక్కలకు వైస్ దవడ ఒక చివరే పట్టి ఒరిగిపోతుంది, అవతలి చివర అంతే మందం తుక్కుముక్క ఒకటి దూర్చాలి. మళ్ళీ తుక్కుడబ్బానే ఆదుకుంది.

రంపంతో వచ్చిన పాత కార్బన్ బ్లేడు వారానికే అతుకు దగ్గర తెగింది. బ్యాండ్‌సాకు ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లోనే పేటెంటు తీసుకున్నా, అతుకు నిలవక చాలా దశాబ్దాలు అది వాడుకలోకి రాలేదట. అతుకు వేసే పద్ధతికి 1846లో క్రెపాన్ అనే ఫ్రెంచి మహిళ పేటెంటు పొందాకే దారి తెరుచుకుంది. ఆ రోజు నా బ్లేడు తెగినప్పుడు న్యూబెరీ మీద సానుభూతి కలిగింది. తరువాత కొన్నది బైమెటల్, స్ప్రింగు ఉక్కు వీపుకు ఎం42 హైస్పీడు ఉక్కు పళ్ళ అంచు. కొత్తదాన్ని మొదటి కొన్ని కోతల్లో సగం ఒత్తిడితో నడిపాను. కొత్త పంటి మొన మరీ సూదిగా ఉంటుంది, మొదట్లోనే బలంగా నొక్కితే విరుగుతుంది. ఇప్పుడు ఒత్తిడి ఎంతో రజనే చెబుతుంది. పొడిలా రాలితే తల మరీ తేలిక, పళ్ళు రాసుకుంటున్నాయి. నీలంగా మాడి వస్తే మరీ బరువు. వెండి రంగులో చిన్న చుట్టలు రాలితే నేను పక్కకు వెళ్ళి వేరే పని చూసుకుంటాను.

చుట్టగా కట్టి వచ్చిన బ్లేడు విప్పేటప్పుడు తోలు గ్లవ్స్ వేసుకోవాలి, మొహం దూరంగా పెట్టాలి. 93 అంగుళాల బ్లేడు పాములా లేస్తుంది. మొదటిసారి నేను దాన్ని వదిలేసి గుమ్మం అవతలికి గెంతాను.

పోత ఇనుము కోసేటప్పుడు మాత్రం కూలెంట్ ఆపేస్తాను. దాని నల్లపొడి నీళ్ళతో కలిస్తే బురదై పంపులో చేరుతుంది. ఇదొక్కటి ముందే ఎవరో చెప్పారు కాబట్టి సరిపోయింది.

నెల తరువాత మామయ్య చూడటానికి వచ్చాడు. ఏమీ అనకుండా 50 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి వైస్‌లో బిగించి, ఒక కోత వేసి, కడ్డీని సగం చుట్టు తిప్పి ఇంకో కోత వేశాడు. బిళ్ళ చల్లారేదాకా ఆగి జేబులోంచి మైక్రోమీటర్ తీశాడు. నాలుగు చోట్లా కొలిచాడు. పైకీ కిందికీ తేడా 0.12. బిళ్ళను నా చేతిలో పెట్టి, వంగి తొట్టిలోకి చూశాడు.

"కూలెంట్ మార్చు. కంపు కొడుతోంది."